ఎం.ఏ. ఇంగ్లీషుకు తెలుగు సంఘం డబ్బులా?

ఈ ఏడాది జూన్‌లో సింగానల్లూరులో మా సంఘం కార్యవర్గం కూర్చున్నప్పుడు ఒక్క దరఖాస్తు మీద గంటన్నర మాటలు నడిచాయి. ఏమీ తేలక తర్వాతి సమావేశానికి వాయిదా వేశాం. ఏటా మేము పిల్లల చదువుకు ఇచ్చే సాయం పెద్ద మొత్తమేమీ కాదు. దాని మీద ఇంత వాదన ఎప్పుడూ జరగలేదు. ఇంజనీరింగు పిల్లవాడికి ఇచ్చినప్పుడు ఎవరూ నోరు విప్పలేదు. కామర్సుకు ఇచ్చాం, నర్సింగుకు ఇచ్చాం. ఈసారి అడిగింది ఎం.ఏ. ఇంగ్లీషు సాహిత్యంలో చేరిన అమ్మాయి. పరీక్ష ఫీజులకు, పుస్తకాలకు 12,000 రూపాయలు కావాలంది. దరఖాస్తు కూడా ఇంగ్లీషులోనే రాసింది.

"తెలుగు సంఘం డబ్బులు తీసుకుపోయి ఇంగ్లీషులో పోయాలా?" అని ఒక పెద్దాయన అన్నారు. చాలామంది తలలూపారు. మేమూ ఊపాం.

ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఆ మాట నిలబడేది కాదనిపించింది. ఇంజనీరింగు మాత్రం తెలుగులో చెబుతున్నారా? నర్సింగు పుస్తకాలు తెలుగులో ఉన్నాయా? అవన్నీ బతుకుదెరువు చదువులు కాబట్టి భాష గురించి మనం అడగం. సాహిత్యం అనేసరికి మాత్రం మన సొత్తు ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఉలిక్కిపడతాం. నిజానికి మన సొత్తు ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది అన్నది ముందు చూసుకోవాలి.

అక్షరం పోయిన చోట

తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున పైకి జరుపుతూ, 2015-16కి పదో తరగతి దాకా తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేశారు. అంతకుముందు ఆ స్థానంలో తెలుగో కన్నడమో ఉర్దూనో రాసే వీలుండేది. భాషా మైనారిటీల తరఫున కేసులు పడ్డాయి. మద్రాసు హైకోర్టు 2016 పరీక్ష నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏటి పదో తరగతి పరీక్షకు మినహాయింపు పొడిగించింది. ఇవన్నీ ఒక ఏడాదికో రెండేళ్లకో దొరికే ఊరటలే. 2025 ఆగస్టు 8న ముఖ్యమంత్రి స్టాలిన్ విడుదల చేసిన రాష్ట్ర విద్యా విధానం తమిళం, ఇంగ్లీషు అనే రెండు భాషల పద్ధతినే ఖాయం చేసింది.

ఈ పోరాటం హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు బడులు మిగిలిన ఊళ్లకు ప్రాణసమానం. మా కోయంబత్తూరు సంగతి వేరు. ఇక్కడ పోగొట్టుకోవడానికి బడే లేదు. మా తరంలోనే మా వీధుల్లో తెలుగు బడికి పోయినవాళ్లు కనబడరు. సంఘం పని మీద తిరిగేవాళ్లం పట్టుపట్టి పెద్దబాలశిక్షతో అక్షరాలు నేర్చుకున్నాం గానీ, మా అన్నదమ్ముల్లోనే సంతకం తెలుగులో పెట్టలేని వాళ్లున్నారు. డిగ్రీలో పార్ట్ వన్ భాషగా తెలుగు తీసుకున్న పిల్లలు మా ఎరుకలో ఒక్కరూ లేరు. ఇందులో తమిళం మీద మాకు కోపం లేదు. అది ఇన్ని వందల ఏళ్లుగా మనకు అన్నం పెట్టిన భాష, మన పిల్లలు ప్రేమలేఖలు రాసుకొనే భాష. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాం, అంతే.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 42 లక్షల పైచిలుకు, అంటే నూటికి దాదాపు ఆరుగురు. ఈ 42 లక్షలన్న అంకె మేము మంత్రులకు ఇచ్చే ప్రతి వినతిపత్రంలోనూ మొదటి పేరాలోనే ఉంటుంది. అందులో తెలుగు చదవగలవాళ్లు ఎందరని ఏ మంత్రీ తిరిగి అడగకపోవడం మా అదృష్టం.

మరి ఆ అమ్మాయి ఎం.ఏ. తెలుగు చేయొచ్చు కదా అన్నారు సమావేశంలో. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ 1927 నుంచి ఉంది. మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంలోనూ తెలుగు శాఖ పెట్టారు. కానీ అక్షరం రాని పిల్ల ఎం.ఏ. తెలుగులో ఎలా చేరుతుంది? నిచ్చెన కింది పది మెట్లు ఊడిపోయాక పైమెట్టు ఖాళీగా ఉందని చూపిస్తే ఏం లాభం?

ఇంగ్లీషు తీసుకోవడానికి ఆమెకు బతుకుదెరువు కారణాలూ ఉన్నాయి. ఎం.ఏ., బి.ఎడ్. ఉంటే ఉపాధ్యాయ నియామక మండలి పరీక్ష రాసి హయ్యర్ సెకండరీ బడిలో పీజీ టీచరు కావచ్చు. నెట్ గాని సెట్ గాని పాసైతే కళాశాల ఉద్యోగానికి పోవచ్చు. 2021 డిసెంబరు ఉత్తర్వుల నుంచి రాష్ట్ర సర్కారు ఉద్యోగాల పోటీ పరీక్షల్లో తమిళం పేపరులో 40 శాతం తెచ్చుకోవాల్సి ఉంది. తమిళ బడిలో చదివింది కాబట్టి ఆమెకు అదేమీ అడ్డు కాదు. ప్రభుత్వ బడుల్లో చదివిన ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చే పుదుమై పెణ్ పథకం 2022లో మొదలైంది. అది డిగ్రీ పూర్తయ్యే దాకానే, పీజీకి రాదు. అందుకే ఆమె మా దగ్గరికి వచ్చింది.

చెప్పని అభ్యంతరం

పైకి చెప్పిన అభ్యంతరం ఇంగ్లీషు గురించి. చెప్పని అభ్యంతరం ఇంకొకటుంది. సమావేశం ముగిసి చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఒకరు గొంతు తగ్గించి అడిగారు: "ఆ కాలనీ వాళ్లు మన సంఘంలో ఎప్పటినుంచి సభ్యులు?"

ఆ అమ్మాయిది పారిశుద్ధ్య కార్మికుల కాలనీ. అవ్వ వీధులూడ్చి రిటైరైంది. తండ్రీ అదే పనిలో ఉన్నాడు. సర్కారు లెక్కలో అరుంధతియార్. కోయంబత్తూరు, ఈరోడు, మధురై జిల్లాల్లో ఈ కులంవాళ్లలో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు. షెడ్యూల్డు కులాల 18 శాతంలో వీరికి 3 శాతం విడిగా ఇస్తూ 2009లో తమిళనాడు చట్టం చేసింది. ఇలాంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. చదువులో వెనకబడినవాళ్లలోకెల్లా వెనకబడ్డారు కాబట్టే ఆ 3 శాతం వచ్చింది. ఆ కాలనీ నుంచి ఒక ఆడపిల్ల ఎం.ఏ. దాకా రావడం చిన్న సంగతి కాదు.

మా సభ్యత్వ పుస్తకం తీసి చూశాం. ఆ కాలనీ చిరునామాతో ఒక్క పేరు లేదు. రాకూడదని ఎక్కడా రాసిలేదు. కొత్తగా చేరేవాళ్లను పాత సభ్యుడొకరు పరిచయం చేయాలని మాత్రం నియమం ఉంది. పరిచయం చేసేవాళ్లెవరు? 42 లక్షలని వినతిపత్రంలో రాసేటప్పుడు వాళ్లను కలుపుకుంటాం. కుర్చీలు వేసేటప్పుడు కలుపుకోం. ఈ సంగతి ఇక్కడ రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. పుస్తకం మా బీరువాలోనే ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

జూలైలో ఆ అమ్మాయిని పిలిపించి మాట్లాడాం. తెలుగు వచ్చా అని మేము తమిళంలో అడిగాం. ఇది తలచుకొంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె తెలుగులో జవాబిచ్చింది: "ఇంట్లో తెలుగే సార్. తమిళం వీధిలోది." ఎందుకు ఇంగ్లీషు తీసుకున్నావంటే, "మా అవ్వ చెప్పేవి రాసి పెట్టల్ల సార్. తెలుగులో రాసేదానికి నాకు అచ్చరాలు రావు. తమిళంలో రాస్తే అది అవ్వ మాట్లాడినట్టు ఉండదు" అంది. మా ఇళ్లలో పిల్లలు తెలుగు అర్థం చేసుకొని తమిళంలో జవాబిస్తారు. ఆ అమ్మాయి ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు.

2027 మార్చి 1ని ప్రాతిపదికగా తీసుకొని జనాభా లెక్కలు రాబోతున్నాయి. మాతృభాష గడిలో తెలుగు రాయించండని ఇంటింటికీ కరపత్రాలు పంచాలని మా ఆలోచన. తెలుగు అక్షరాల్లో అచ్చువేసిన కరపత్రం ఆ కాలనీలో ఎవరు చదువుతారో మాకింకా తెలియదు.

ఆ చదువులో ఏముంది

ఎం.ఏ. ఇంగ్లీషు అంటే షేక్‌స్పియరు, మిల్టను అనే మనకు తెలుసు. అవి ఇప్పటికీ ఉన్నాయి. వాటితోపాటు భారతీయ ఇంగ్లీషు రచన, అనువాద అధ్యయనం, దళిత సాహిత్యం వంటివీ వచ్చాయి. చాలా చోట్ల చివరి సెమిస్టరులో విద్యార్థి సొంతంగా ఒక ప్రాజెక్టు రాయాలి. కొన్నిచోట్ల సృజనాత్మక రచన, అంటే కథలూ కవితలూ రాయడం, ఒక పేపరుగా ఉంటుంది. మా ఊళ్లో ఇవన్నీ చదవడానికి చోటుకు కొదవలేదు. కోయంబత్తూరు సర్కారు కళాశాల మూలాలు 1852 దాకా పోతాయి. పీలమేడులో పి.ఎస్.జి. కుటుంబంవాళ్లు 1926లో ధర్మసంస్థ పెట్టి 1947లో ఆర్ట్స్ కళాశాల కట్టారు. తెలుగు మాట్లాడే ఇళ్ల డబ్బుతో లేచిన కళాశాలల్లో ఇంగ్లీషు చదివి బయటికి వచ్చినవాళ్లు ఎన్ని వేలమందో! దాని మీద ఏ తెలుగు సంఘమూ ఇన్నేళ్లలో అభ్యంతరం చెప్పలేదు.

కథ రాయడం బడిలో నేర్పే విద్యా అని మా పెద్దలు నవ్వారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936 నుంచి నేర్పుతోంది. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో ఎం.ఏ. పెట్టింది. 2017లో నోబెల్ అందుకొన్న కజువో ఇషిగురో అక్కడ చదివినవాడే. మన దగ్గర ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి ఎం.ఏ. ఉంది. హరికథ గురువు దగ్గర నేర్చుకోలేదా? తోలుబొమ్మలాట నేర్చుకోలేదా? నేర్పితే రాదనేవాళ్లు వాటి సంగతి ఆలోచించాలి.

ఇక ఇంగ్లీషు చదువుకీ సొంత మాటకీ పడదనే వాదన. గురజాడ అప్పారావు 1883లో 'సారంగధర' అనే కావ్యం రాసింది ఇంగ్లీషులో. సొంత భాషలో రాయవయ్యా అని ఆయన్ను మళ్లించినవాడు కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' అనే ఇంగ్లీషు పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ. 1897లో కన్యాశుల్కం అచ్చయినప్పుడు కూడా వాడుక భాషను సమర్థిస్తూ గురజాడ పీఠిక రాసింది ఇంగ్లీషులోనే. అయితే ఈ ఉదాహరణ మన పిల్లకు అచ్చంగా అతకదు. గురజాడకు తిరిగి రావడానికి తెలుగు అక్షరాలున్నాయి. ఈమెకు లేవు.

అతికే ఉదాహరణ కి. రాజనారాయణన్‌ది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టాడు. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మనవాళ్లు ఉత్తరాన్నుంచి పారిపోయి వచ్చి కరిసల్ నేలలో ఊరు కట్టుకొన్న కథను 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా రాశాడు. ఆ వలస కథంతా చెప్పేది ఇంట్లోని ముసలవ్వ. దాని తర్వాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఏడో తరగతి చదివిన ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం జానపద సాహిత్యానికి ఆచార్యుడిగా పిలుచుకొంది. 2021 మే 17న పోతే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. అన్నీ నిజమే. కానీ ఆ పురస్కారం తమిళానికి వచ్చింది. మన వలస చరిత్రను అందరికంటే బాగా చెప్పిన పుస్తకం తమిళ సాహిత్యం. ఆయన తప్పేం లేదు. తెలుగులో రాసి ఉంటే ఇడైసెవల్‌లో ఎవరు చదివేవారు?

ఇంకొకటి చూడండి. సింగానల్లూరు స్టాండులో బస్సెక్కితే దిగేది మధురైలో. అక్కడి మన సంఘాల సభల్లో తిరుమల నాయకర్ మహల్ పేరెత్తని ఉపన్యాసం ఉండదు. ఆ మధురై నాయకుల కొలువులో, సుమారు 1600 ప్రాంతంలో, కృష్ణదేవరాయల కథను వాడుక తెలుగు వచనంలో ఎవరో రాశారు. పేరు రాయవాచకం. ఆ పేరు ఎత్తినవాళ్లను మేము ఏ వేదిక మీదా చూడలేదు. దాన్ని చదివి, వివరించి, 1993లో ఇంగ్లీషులోకి తెచ్చినవాడు ఫిలిప్ వాగనర్ అనే అమెరికా పండితుడు. హవాయి విశ్వవిద్యాలయం అచ్చువేసింది. ఇవాళ మా ఊరి పిల్ల మధురై తెలుగు గురించి తెలుసుకోవాలంటే ఆమె చదవగలిగే పుస్తకం అది. ఇంగ్లీషు దారి చుట్టుదారే. వేరే దారి మనం వేయలేదు.

ఇంగ్లీషులో పోయేది ఏమిటి

ఇంతవరకు చదివి, ఇంగ్లీషులో రాస్తే చాలు, మన మాట బతుకుతుందని మేము అంటున్నామని అనుకోవద్దు. ఆ అమ్మాయి తను రాసిన రెండు పేజీలు మాకు చూపించింది. తెల్లవారుజామున నాలుగింటికి అవ్వ, పక్కింటావిడ వీధి ఊడుస్తుంటారు. మేస్త్రి వస్తాడు. అవ్వ మేస్త్రితో తమిళంలో మాట్లాడుతుంది, పక్కనున్నావిడతో తెలుగులో. మేస్త్రికి తెలుగు రాదు. అతని ఎదురుగానే అతన్ని తిట్టుకొంటారు, నవ్వుకొంటారు, సద్దిమూట ఎక్కడ దాచారో చెప్పుకొంటారు. ఆ ఇద్దరు ఆడవాళ్లకు రోజంతటిలో దొరికే స్వేచ్ఛ ఆ నాలుగు తెలుగు మాటలే.

ఇంగ్లీషులో ఏమైంది? అవ్వ ఇలా అంది, అవ్వ అలా అంది. రెండు మాటలూ ఒకే భాషలో ఉన్నాయి. మేస్త్రి వింటూ ఎందుకు ఊరుకున్నాడో చదివేవాడికి అర్థం కాదు. తెలుగులో అంది, తమిళంలో అంది అని ప్రతిచోటా చేర్చమని డిగ్రీలో టీచరమ్మ చెప్పారట. చేరిస్తే పోలీసు రిపోర్టులా అయిందని ఈ పిల్ల తీసేసింది. ఒక్క 'సద్ది' అన్న మాట మాత్రం మార్చకుండా అలాగే ఉంచింది. మిగతాది ఏం చేయాలో ఇంకా తోచలేదంది.

ఈ చిక్కు ఆమె ఒక్కదానిదే కాదు. ఇంట్లో ఒకటి, వాకిట్లో ఒకటి, తరగతిలో ఒకటి మాట్లాడే మన ఇళ్లన్నిటిదీ. ఇంగ్లీషులో చెప్పగానే కోయంబత్తూరు తెలుగిల్లు తమిళిల్లు అయిపోతుంది. తేడా కనబడదు. దీనికి ఉపాయాలు వెతికినవాళ్లున్నారు. 2025 మే 20న అంతర్జాతీయ బుకర్ బహుమతి బాను ముష్తాక్ కన్నడ కథలకు వచ్చింది. కన్నడ పుస్తకానికి అది రావడం అదే మొదలు. ముష్తాక్ ఇంటి భాష దక్ఖనీ ఉర్దూ. రాసింది కన్నడంలో. ఇంగ్లీషు చేసిన దీపా భాస్తి ఆ ఇంటి మాటలను వంకర అక్షరాల్లో వేయకుండా, కింద అర్థాలు ఇవ్వకుండా, మామూలు మాటల మధ్యే ఉంచేసింది. బహుమతి 50,000 పౌండ్లు ఇద్దరికీ సగం సగం. మా పక్క కొంగునాడు సంగతే చూడండి. పెరుమాళ్ మురుగన్ 'పూక్కుళి' అనిరుద్ధన్ వాసుదేవన్ అనువాదంలో 2023లో ఆ బహుమతి తొలి జాబితా దాకా పోయింది. కొంగు తమిళం లండను చేరింది. అదే కొంగునాట్లో వందల ఏళ్లుగా మాట్లాడుతున్న తెలుగు సింగానల్లూరు దాటలేదు. ఇలాంటి పని ఎవరైనా చేయాలంటే మూడు భాషలూ చెవిలో ఉన్న మనిషి, ఆ విద్య నేర్చుకొన్న మనిషి కావాలి. అది ఎం.ఏ. ఇంగ్లీషు తరగతిలో దొరికే అవకాశం ఉంది. మా ఉగాది పోటీల్లో లేదు.

ఉగాది పోటీల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఏటా పిల్లలకు వక్తృత్వ పోటీ పెడతాం. ఇంట్లో మాట్లాడినట్టు "ఉండాది", "వస్తా ఉండాడు" అన్న పిల్లలకు మార్కులు తగ్గిస్తాం. టీవీలో విన్న తెలుగును అప్పజెప్పిన పిల్లకు వెండి కుంకుమభరిణె ఇస్తాం. ఏళ్ల తరబడి న్యాయనిర్ణేతల కాగితాల్లో కూడికలు చేసింది మేమే. ఇంటి తెలుగు తప్పని తెలుగు సంఘమే చెబితే, ఆ మాటను తప్పుపట్టని భాష ఏదైనా ఉందా అని పిల్లలు వెతుక్కోరా? ఇంగ్లీషుకు 'ఉండాది' తప్పో ఒప్పో తెలియదు. అందుకే అక్కడ ఆ పిల్లకు ఊపిరాడింది.

పెద్దాయన అభ్యంతరంలో ఒక్క భాగం మాత్రం మేము తీసిపారేయలేం. ఆగస్టు సమావేశంలో ఆయన మళ్లీ లేచి, ఈసారి వేరేలా అడిగారు: "ఆ పిల్ల రాస్తుంది, బాగానే రాస్తుంది. చదివేది ఎవరు? ఢిల్లీలోనో అమెరికాలోనో చదువుతారు. వాళ్లవ్వకు చదివి వినిపించేదెవరు?" దీనికి మా దగ్గర జవాబు లేకపోయింది. మన మాట ఇంగ్లీషులోకి పోయి అక్కడే ఉండిపోతే, చదివేవాళ్లకు అది ఒక వింత, మనకు ఒక పుస్తకాల షాపు సరుకు. రాయవాచకం గతి ఇంచుమించు అదే.

అప్పుడు కొందరు ఒక షరతు పెడదామన్నారు: ఆరు నెలల్లో తెలుగు అక్షరాలు నేర్చుకొంటానని రాసిస్తేనే సాయం. వినడానికి బాగానే ఉంది. ఇంజనీరింగు పిల్లవాడి దగ్గర అలా రాయించుకొన్నామా అని కోశాధికారి అడిగారు. లేదు. కార్యవర్గంలో ఎంతమంది ఇళ్లలో మనవళ్లకు అక్షరాలు వచ్చని అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు. షరతు అక్కడితో పోయింది.

చివరికి 12,000 రూపాయలూ ఇచ్చాం. జూన్‌లో అడిగితే సెప్టెంబరులో చేతికందింది. మొదటి సెమిస్టరు ఫీజు వాళ్ల నాన్న అప్పటికే అప్పు చేసి కట్టేశాడు. ఆ ఆలస్యం మాది. సభ్యులు పరిచయం చేయాలన్న నియమాన్ని తీసేయమనే తీర్మానం సర్వసభ్య సమావేశానికి పెట్టాం. నెగ్గుతుందో లేదో చెప్పలేం.

ప్రాజెక్టు రాసేది రెండో ఏడు. ఆ అమ్మాయి ఇప్పటినుంచే ఆదివారాలు అవ్వ మాటలను ఫోనులో రికార్డు చేస్తోంది. అక్షరాలు వచ్చిన మేము ఇద్దరం అవి విని తెలుగులో రాసిపెడతామని ఒప్పుకొన్నాం. ఇంగ్లీషు పుస్తకం ఎటుపోయినా తెలుగు కాగితం ఒకటి ఇక్కడ ఉంటుంది. మొదటి రికార్డు విన్నాం. పదకొండు నిమిషాలది రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. అవ్వ "ఉండాది" అన్నచోట మాలో ఒకరు అలవాటుకొద్దీ "ఉంది" అని రాశారు. కొట్టేసి మళ్లీ "ఉండాది" అని రాశాం. రాసింది కాలనీలో వాళ్ల ఇంటి వాకిట్లో కూర్చొని అవ్వకు చదివి వినిపించాం. రెండుచోట్ల తప్పు విన్నామని చెప్పి అవ్వే దిద్దింది.

వచ్చే ఏటి చదువు సాయానికి ఏప్రిల్ నుంచి దరఖాస్తులు తీసుకొంటాం. ఏ భాషలో రాసినా సరే. రాయడం రానివాళ్లు వచ్చి నోటితో చెబితే మేమే రాసుకొంటాం.